సౌండ్‌బార్ పోయి సబ్‌వూఫర్ మిగిలితే: వైర్‌లెస్ సబ్‌ను ఏవీ రిసీవర్‌కు కలిపే పద్ధతి

సౌండ్‌బార్ బోర్డు కాలిపోయిందంటే దాంతోపాటు వచ్చిన వైర్‌లెస్ సబ్‌వూఫర్ కూడా పనికి రానట్టే కనిపిస్తుంది. ప్లగ్ పెడితే లైటు మినుకుమినుకుమంటుంది కానీ శబ్దం రాదు. వెనక చూస్తే కరెంటు సాకెట్టు, పెయిరింగ్ బటన్ ఉంటాయి, ఆడియో పిన్ను పెట్టే చోటే ఉండదు. అదే కంపెనీ వేరే మోడల్ బార్ తెచ్చినా చాలాసార్లు జత కలవదు. లోపలి రేడియో మాడ్యూల్ సాధారణంగా తనకు జతగా చేసిన రకం ట్రాన్స్‌మిటర్‌నే గుర్తుపడుతుంది. ఫోన్ నుంచో కొత్త ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని స్పీకర్లకు పంచే హోమ్ థియేటర్ యాంప్) నుంచో బ్లూటూత్‌లో దాన్ని పట్టుకోవడం కుదరని పని.

అయినా ఆ పెట్టెను పాత సామాన్ల వాడికి వేసేయకండి. ఎండీఎఫ్ (చెక్కపొడి అట్ట) పెట్టె, గాలి పోయే పోర్టు, డ్రైవర్ (శబ్దం చేసే స్పీకర్ భాగం) ఒకదానికొకటి సరిపోయేలా కొలతలు చూసి చేసినవి. అవి పాడవలేదు. మార్చాల్సింది ఎలక్ట్రానిక్స్ మాత్రమే. అయితే పాత బోర్డు బయటికి కనిపించని పని ఒకటి చేస్తుండేది. దానిలోని డీఎస్‌పీ చిప్ (శబ్దాన్ని సర్దే డిజిటల్ చిప్) డ్రైవర్ తట్టుకోలేని లోతు ఫ్రీక్వెన్సీలను కోసేసి, వాల్యూమ్ మితిమీరితే తగ్గించేది. పాత బోర్డు తీసేసి కొత్త యాంప్ తగిలించే చాలామంది ఈ కాపలాను తిరిగి పెట్టరు. అలా వదిలేస్తే డ్రైవర్ పోవడానికి ఎంతో కాలం పట్టదు. ఈ పనిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది అదే.

విప్పే ముందు రెండు విషయాలు చూడండి

మొదటిది, సబ్ వెనక ఎక్కడైనా లైన్ ఇన్ అనో ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాల్లో లోతు శబ్దాల ట్రాక్) అనో రాసిన ఆర్‌సీఏ సాకెట్టు (పాత టీవీల వెనక ఉండే గుండ్రటి ఆడియో సాకెట్టు) ఉందా? ఉంటే స్క్రూడ్రైవర్‌తో పనే లేదు. రిసీవర్ సబ్ ప్రీ-అవుట్ (సబ్ కోసం చిన్న సిగ్నల్ ఇచ్చే సాకెట్టు) నుంచి షీల్డు ఉన్న ఆర్‌సీఏ కేబుల్ లాగండి. కేబుల్ లాగే వీలు లేకపోతే 2.4 గిగాహెర్ట్జ్ ఆడియో ట్రాన్స్‌మిటర్-రిసీవర్ జత కొనండి. బ్లూటూత్ జత మాత్రం వద్దు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, తెర మీద పేలుడు అయిపోయాక సబ్ దడదడలాడుతుంది.

రెండోది, బార్ నిజంగా చచ్చిపోయిందా, లేక స్పీకర్లు చిరిగిపోయో హెచ్‌డీఎంఐ పోర్టు పోయో మూలన పడిందా? పవర్ ఆన్ అయి సబ్‌తో జత కలుస్తుంటే బార్‌నే ట్రాన్స్‌మిటర్‌గా వాడుకోవచ్చు. దీనికి:

1. రిసీవర్ సబ్ అవుట్‌కు ఒక వై-కేబుల్ (ఒక కొస రెండుగా చీలే కేబుల్) పెట్టి, బార్ ఆక్స్ ఇన్‌పుట్‌లో ఎడమ, కుడి రెండు ఛానళ్లకూ సిగ్నల్ అందేలా కలపండి. ఒక్కదానికే ఇస్తే సబ్‌లో బలం తగ్గుతుంది.
2. బార్ ప్లగ్ తీసి, విప్పి, లోపలి స్పీకర్ల కనెక్టర్లు ఊడదీయండి. ఒక్కో తీగ కొసకు విడిగా టేపు చుట్టండి. రెండు తీగలు ఒకదానికొకటి తాకితే యాంప్ చిప్ పోవచ్చు.
3. బార్‌లో నైట్ మోడ్, సరౌండ్ లాంటివన్నీ ఆపండి. బార్ వాల్యూమ్ మూడు వంతుల్లో రెండు వంతుల దగ్గర పెట్టి ఇక ముట్టుకోకండి. ఇకపై వాల్యూమ్ మార్చేది రిసీవర్‌లోనే.
4. సిగ్నల్ లేనప్పుడు తనంతట తాను ఆగిపోయే సెట్టింగు ఉంటే తీసేయండి.

ఆలస్యం సంగతి కింద సెట్టింగుల దగ్గర చెబుతాం. అది సర్దుకుంటే ఇంతకన్నా సులువైన దారి లేదు, సబ్ కూడా వైర్‌లెస్‌గానే ఉండిపోతుంది. పాత డీఎస్‌పీ కాపలా కూడా చెక్కుచెదరదు.

బార్ పూర్తిగా పోయి, లైన్ ఇన్ కూడా లేకపోతే పెట్టె విప్పాల్సిందే.

పెట్టె విప్పడం

ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగండి. ఎస్‌ఎంపీఎస్‌లో (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే బోర్డులో) పెద్ద కెపాసిటర్ మీద 230 వోల్టుల కరెంటు నుంచి దాదాపు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్ తీసినా కొన్ని బోర్డుల్లో అది చాలాసేపు ఉంటుంది. మల్టీమీటర్‌ను డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి ఆ కెపాసిటర్ కాళ్ల మీద కొలవండి. 30 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే 4.7 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, రెండు కాళ్లకూ పది సెకన్లు ఆనించి మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు రప్పించే అలవాటు మంచిది కాదు, కెపాసిటరూ బోర్డు మీది రాగి పట్టీలూ దెబ్బతింటాయి.

వెనక ప్లేటు స్క్రూలు కొన్ని రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. ప్లేటు మెల్లగా ఎత్తితే బోర్డు నుంచి డ్రైవర్‌కు వెళ్లే రెండు మందపాటి తీగలు కనిపిస్తాయి. వాటి ఫోటో తీసుకోండి. డ్రైవర్ ప్లస్ కాలికి ఏ రంగు తీగ వెళ్తోందో రాసి పెట్టుకోండి. తర్వాత వాటిని బోర్డు దగ్గర ఊడదీయండి, డ్రైవర్ దగ్గర కాదు.

ఇప్పుడు డ్రైవర్‌ను కొలవండి. మల్టీమీటర్ ఓమ్స్‌లో ముందు రెండు ప్రోబులూ కలిపి ఎంత చూపిస్తుందో చూడండి, సాధారణంగా 0.2 నుంచి 0.5 ఉంటుంది. డ్రైవర్ మీద వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేయండి. మిగిలింది 2.5 దగ్గర ఉంటే అది 3 ఓమ్‌ల డ్రైవర్. 3.2 నుంచి 3.8 మధ్య ఉంటే 4 ఓమ్‌లు. 5.5 నుంచి 7 వరకు ఉంటే 8 ఓమ్‌లు. సౌండ్‌బార్ సబ్‌లలో 3, 4 ఓమ్‌లే ఎక్కువ. అంకె ఏమీ రాకపోతే కాయిల్ తెగిపోయింది, డ్రైవర్ మార్చకుండా ఈ పని ముందుకు సాగదు.

కోన్‌ను (డ్రైవర్ ముందు కదిలే గిన్నె లాంటి భాగాన్ని) రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలండి. గరగర వినిపిస్తే కాయిల్ ఒరుసుకుంటోందని అర్థం.

పాత యాంప్ బోర్డునే వాడుకోవచ్చా?

రేడియో మాడ్యూల్ తీసేసి, అది సిగ్నల్ ఇచ్చే చోట మన సిగ్నల్ ఇస్తే సరిపోదా అని ఎవరికైనా తడుతుంది. యాంప్ చిప్ మీది అంకెలు భూతద్దంతో చదవండి. టీఏఎస్57తో మొదలైతే అది డిజిటల్ ఇన్‌పుట్ చిప్. ఐ2ఎస్ అనే డిజిటల్ రూపంలో వచ్చే సిగ్నల్‌నే తీసుకుంటుంది, పైగా ఆన్ అయిన ప్రతిసారీ మైక్రోకంట్రోలర్ దానికి సెట్టింగులు పంపాలి. రిసీవర్ నుంచి వచ్చే అనలాగ్ సిగ్నల్ దానికి ఎక్కదు. టీపీఏ31తో మొదలైతే అనలాగ్ చిప్పే, కానీ జత కుదరనంత వరకు మైక్రోకంట్రోలర్ దాన్ని మ్యూట్‌లోనే ఉంచుతుంది. డేటాషీట్ దగ్గర పెట్టుకుని మ్యూట్, షట్‌డౌన్ కాళ్లను విడదీయగలిగినవాళ్లకు అది సాధ్యమే. మిగతావాళ్లకు మా సలహా ఒక్కటే, పాత బోర్డు మొత్తం పక్కన పెట్టి, డ్రైవర్ తీగలు బయటికి తెచ్చి, కొత్త యాంప్ పెట్టండి. కష్టం తక్కువ, 325 వోల్టుల పక్కన టంకం పెట్టాల్సిన అవసరమూ తప్పుతుంది.

ఇంకో పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి. బయటికి తెచ్చిన తీగలను నేరుగా ఏవీ రిసీవర్ స్పీకర్ టెర్మినళ్లకు తగిలించకండి. సబ్ కోసం వడకట్టిన సిగ్నల్ వచ్చేది ప్రీ-అవుట్ ఆర్‌సీఏలోనే, అది డ్రైవర్‌ను నడిపేంత బలమైనది కాదు. స్పీకర్ టెర్మినళ్లలో వచ్చేది ఆ ఛానల్ శబ్దం. పైగా 6 లేదా 8 ఓమ్‌లకు చేసిన రిసీవర్‌కు 3 ఓమ్‌ల బరువు తగిలిస్తే వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది.

కావలసిన సామాను

- టీపీఏ3116డీ2 చిప్‌తో సబ్‌వూఫర్ కోసం చేసిన మోనో బోర్డు, వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ నాబులు ఉన్నది: 1
- 24 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్: 1
- 5 ఆంపియర్ల ఫ్యూజు, హోల్డరుతో: 1
- 0.47, 0.22, 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు, 63 లేదా 100 వోల్టులవి: ఒక్కొక్కటి
- స్పీకర్ టెర్మినళ్లు, ఎరుపు, నలుపు: ఒక జత
- 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ: 2 మీటర్లు
- షీల్డు ఉన్న ఆర్‌సీఏ కేబుల్, ఫోమ్ టేపు, ఎం-సీల్

హైదరాబాద్‌లో ఉంటే ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టులో దొరుకుతాయి. బోర్డు పెట్టె మీద రాసిన వాట్లు చూసి మోసపోకండి. టీపీఏ3116 గరిష్ఠంగా 26 వోల్టుల వరకే తట్టుకుంటుంది. 24 వోల్టుల మీద శబ్దం చీలకుండా 4 ఓమ్‌లలోకి దాదాపు 70 వాట్లు, 3 ఓమ్‌లలోకి 95 వాట్ల దాకా లెక్క తేలుతుంది. ఆరున్నర అంగుళాల డ్రైవర్‌కు అది చాలు. ఇంట్లో పాత లాప్‌టాప్ అడాప్టర్, 19.5 వోల్టులు, 4 ఆంపియర్ల పైన ఉన్నది ఉంటే దాంతోనే మొదలుపెట్టవచ్చు. 4 ఓమ్‌లలోకి 45 వాట్ల పైచిలుకు వస్తుంది, మామూలు గదిలో తేడా పెద్దగా తెలియదు.

పాత సబ్ లోపలి ఎస్‌ఎంపీఎస్‌నే వాడదామనుకుంటే ముందు దాని అవుట్‌పుట్ కొలవండి. 30 వోల్టుల పైన ఇచ్చేవి చాలా ఉంటాయి. ఆ వోల్టేజికి టీపీఏ3116 తక్షణం పోతుంది.

అమెరికా నుంచి తెచ్చుకున్న సెట్ అయితే బార్ చచ్చిపోయిన కారణం 230 వోల్టులే కావచ్చు. సబ్ వెనక లేబుల్ మీద 100-240 అని ఉందో, ఉత్త 120 అని ఉందో చూడండి. పాత బోర్డు తీసేసి 230కి సరిపోయే అడాప్టర్ పెడుతున్నారు కాబట్టి డ్రైవర్‌కు ఈ బాధ లేదు.

పని చేసే క్రమం

వెనక ప్లేటుకు రంధ్రాలు చేసే ముందు డ్రైవర్ విప్పి పక్క గదిలో పెట్టండి. ఇనుప రజను అయస్కాంతం సందులోకి వెళ్తే తీయడం మన వల్ల కాదు. టెర్మినళ్లు బిగించి, లోపలి నుంచి డ్రైవర్ తీగలు టంకం పెట్టి, పాత కరెంటు సాకెట్టు, బటన్, లైటు ఉన్న రంధ్రాలన్నీ ఎం-సీల్‌తో మూసేయండి. ప్లేటు చుట్టూ ఫోమ్ టేపు వేయండి. పోర్టు ఉన్న పెట్టెకు గాలి పోర్టులోంచే రావాలి. చిన్న సందు మిగిలినా బాస్ పలచబడి, ఈల వేసినట్టు బుస్సుమంటుంది.

యాంప్ బోర్డును పెట్టె లోపల పెట్టకండి. అదురుకు టంకాలు వదులవుతాయి, హీట్‌సింక్‌కు గాలి ఆడదు. వేరే చిన్న డబ్బాలో పెట్టి, అడాప్టర్ ప్లస్ తీగ మీద ఫ్యూజు వేసి, బోర్డు అవుట్‌పుట్ నుంచి టెర్మినళ్లకు రాగి తీగ లాగండి. ఈ బోర్డు రెండు స్పీకర్ తీగల మీదా కరెంటు నడుస్తుంది. ఏ ఒక్కదాన్నీ గ్రౌండ్‌కు గానీ, ఆర్‌సీఏ బయటి చుట్టుకు గానీ తగిలించకూడదు.

డ్రైవర్ దిశ తెలుసుకోవడానికి 1.5 వోల్టుల బ్యాటరీని టెర్మినళ్లకు ఒక్క క్షణం ఆనించండి. ఎరుపుకు ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి.

ఇక ముందు చెప్పిన కాపలా. పోర్టు ఉన్న పెట్టెకు ఒక ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. దానికి కింద పెట్టెలోని గాలి డ్రైవర్‌ను పట్టి ఆపలేదు. కోన్ విపరీతంగా ఊగుతుంది, శబ్దం మాత్రం పెరగదు. సినిమాల ఎల్‌ఎఫ్‌ఈ ట్రాక్‌లో 20, 25 హెర్ట్జ్ శబ్దాలు మామూలే. మీ పెట్టె ట్యూనింగ్ ఇలా తెలుసుకోండి: ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, తక్కువ వాల్యూమ్‌లో 80 హెర్ట్జ్ నుంచి ఒక్కో హెర్ట్జ్ చొప్పున దిగండి. ఒకచోట కోన్ దాదాపు కదలదు, పోర్టు దగ్గర చెయ్యి పెడితే గాలి బలంగా కొడుతుంది. అదే ట్యూనింగ్. చిన్న సబ్‌లలో 40 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఇంకా దిగితే కోన్ ఒక్కసారిగా ఎగిరెగిరి పడటం మీకే కనిపిస్తుంది, అక్కడే ఆపేయండి.

ఆ ట్యూనింగ్‌కు కొద్దిగా కింద నుంచి సిగ్నల్‌ను తగ్గించాలి. బోర్డు ఆఫ్‌లో ఉండగా ఇన్‌పుట్ మధ్య పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య ఎన్ని ఓమ్‌లో కొలవండి. వాల్యూమ్ పాట్ (నాబు వెనక ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) విలువ వస్తుంది. 10 కిలో ఓమ్ అయితే 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఆర్‌సీఏ మధ్య తీగకు వరుసలో పెట్టండి, 34 హెర్ట్జ్ దగ్గర నుంచి కోత మొదలవుతుంది. 20 కిలో ఓమ్ అయితే 0.22 పెట్టండి, 36 హెర్ట్జ్. 50 కిలో ఓమ్ అయితే 0.1, 32 హెర్ట్జ్. వేరే విలువలకు సూత్రం: 1,59,000ను కిలో ఓమ్‌లతో, నానోఫారడ్‌లతో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. పాట్ విలువ కనిపించకుండా మీటర్ అంకె పెరుగుతూ పోతే ఇన్‌పుట్‌లో ముందే ఒక కెపాసిటర్ ఉందన్నమాట. దాని వెనక పాట్ కాళ్ల మీద కొలిచి, ఆ కెపాసిటర్‌నే మార్చండి.

ఒక్క కెపాసిటర్ ఇచ్చే కోత నిటారుగా ఉండదు, ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ) 6 డీబీ మాత్రమే. అందుకే వాల్యూమ్‌లో కూడా మితం పాటించాలి. ఆడియో డీఎస్‌పీ పెట్టె మీ దగ్గర ఉంటే 35 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కు 24 డీబీ సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టండి, అది అసలైన రక్షణ.

సబ్ అవుట్ లేని స్టీరియో యాంప్ అయితే

స్పీకర్ టెర్మినళ్ల నుంచే సిగ్నల్ తీసుకుని తగ్గించాలి. ఎడమ ప్లస్, కుడి ప్లస్ ఒక్కొక్కదాని నుంచి 10 కిలో ఓమ్, అర వాటు రెసిస్టర్ పెట్టి, రెండు కొసలూ ఒకచోట కలపండి. ఆ కలిసిన చోటు నుంచి గ్రౌండ్‌కు 560 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. 50 వాట్ల యాంప్ 8 ఓమ్‌ల మీద ఇచ్చే 20 వోల్టులు, రెండు ఛానళ్లలోనూ ఒకే బాస్ ఉంటే, దీంతో రెండు వోల్టుల దగ్గరికి దిగుతాయి. సబ్ బోర్డు మీది ఫ్రీక్వెన్సీ నాబును 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టండి.

ఈ కలపడానికి ముందు ఒక పరీక్ష తప్పనిసరి. మెయిన్ యాంప్ ఆఫ్ చేసి, స్పీకర్ నలుపు టెర్మినల్‌కూ ఆర్‌సీఏ బయటి చుట్టుకూ మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి ఉందో లేదో) మల్టీమీటర్‌తో చూడండి. రాకపోతే అది బ్రిడ్జి యాంప్, నలుపు గ్రౌండ్ కాదు. అప్పుడు పై పద్ధతి యాంప్‌ను తినేస్తుంది. కార్ ఆడియో షాపుల్లో దొరికే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ వాడండి.

రిసీవర్ సెట్టింగులు

స్పీకర్లన్నీ స్మాల్, క్రాసోవర్ (దీనికి కింది శబ్దం సబ్‌కు వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. చిన్న శాటిలైట్ స్పీకర్లయితే 100 లేదా 120. రిసీవర్ వడకడుతుంది కాబట్టి సబ్ బోర్డు ఫ్రీక్వెన్సీ నాబును ఎక్కువ వైపు చివరి దాకా తిప్పేయండి. రెండు చోట్లా వడకడితే 80 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడి, మగ గొంతులు పలచగా వినిపిస్తాయి.

బోర్డు వాల్యూమ్ సగం దగ్గర పెట్టి రిసీవర్ మైకుతో ఆటో కాలిబ్రేషన్ చేయండి. సబ్ లెవెల్ మైనస్ 10 దాకా పోతే బోర్డు వాల్యూమ్ తగ్గించి మళ్లీ చేయండి, ప్లస్ 6 దాటితే పెంచండి. సున్నాకు దగ్గరగా ఉండటం మంచిది.

వైర్‌లెస్ జతనో, పాత బార్‌నో మధ్యలో పెట్టినవాళ్లకు ఆలస్యం వస్తుంది. ఒక మిల్లీసెకనుకు శబ్దం 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ట్రాన్స్‌మిటర్ 16 మిల్లీసెకన్లు తింటుంటే, సబ్ దూరం అసలు దూరానికి ఐదున్నర మీటర్లు కలిపి పెట్టండి, రిసీవర్ మిగతా స్పీకర్లను అంతసేపు ఆపుతుంది. ఎంత ఆలస్యమో తెలియకపోతే 80 హెర్ట్జ్ టోన్ వేసి, కూర్చునే చోట శబ్దం అన్నిటికన్నా గట్టిగా వినిపించేదాకా దూరం మారుస్తూ పోండి. ఇలాంటి గట్టి చోట్లు నాలుగు మీటర్లకు ఒకటి వస్తాయి కాబట్టి, చివరికి డప్పు దెబ్బలున్న పాట వేసి ఏది సరైనదో చెవితో తేల్చుకోండి. చాలా రిసీవర్లలో దూరం 18 నుంచి 24 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడికీ కుదరకపోతే వైర్‌లెస్ వదిలి కేబుల్ వేయడమే.

తేడా వస్తే

గుంయ్‌మని హమ్ వస్తుంటే ముందు డీటీహెచ్ లేదా కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి హమ్ పుట్టడం) అటు నుంచే వస్తోంది, ఆ వైరుకు తగిన ఐసొలేటర్ (ఆ దారిని తెంచే చిన్న పరికరం) పెట్టండి. లేకపోతే రిసీవర్, సబ్ అడాప్టర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

సబ్ ఉన్నా బాస్ లేనట్టే ఉంటే స్పీకర్ తీగలు అటుదిటు మార్చి వినండి. 80 హెర్ట్జ్ దగ్గర సబ్, ముందు స్పీకర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మామూలే. గది మూలలో పెట్టి గుయ్‌గుయ్‌మంటుంటే గోడ నుంచి అడుగు దూరం జరపండి. అప్పటికీ తగ్గకపోతే పోర్టులో పాత సాక్సు కుక్కి చూడండి.

గట్టిగా పెట్టినప్పుడు టప్‌టప్‌మని కొడితే కోన్ హద్దు దాటుతోంది. వెంటనే తగ్గించి కెపాసిటర్ విలువ ఒక మెట్టు చిన్నది పెట్టండి. శబ్దం ఆగి ఆగి వస్తే అడాప్టర్ చాలడం లేదు. మొదటి పూర్తి సినిమా అయ్యాక హీట్‌సింక్ మీద వేలు పెట్టండి. ఐదు సెకన్లు ఆనించలేకపోతే పెద్ద హీట్‌సింక్ వేయండి, లేదా 24 వోల్టుల బదులు 19.5 వోల్టుల అడాప్టర్‌కు దిగండి. వెనక ప్లేటు స్క్రూలు కూడా అప్పుడే ఒకసారి బిగించండి, ఫోమ్ టేపు అణిగాక కొత్త స్క్రూలు అర చుట్టు వదులవుతాయి.